ఖరగ్‌పూరు కార్మికులు – బేరమాడు హక్కు

పశ్చిమ బెంగాలులోని ఖరగ్‌పూరు రైలుదారి వలన పెరిగిన పట్టణము. బెంగాల్ నాగపూర్ రైల్వే కంపెనీ ఇచ్చట కర్మాగారమును నెలకొల్పగా పలు ప్రాంతములవారు పని వెదకికొనుచు వచ్చి చేరిరి. వారిలో తెలుగువారు పెక్కుమంది. జీతమిచ్చునదియు, నివాసమిచ్చునదియు కంపెనీయే. అట్టిచోట ఉద్యోగము పోవుట యనగా ఊరు పోవుటయే.

1927 ఫిబ్రవరిలో అచ్చట సమ్మె జరిగెను. సెప్టెంబరులో కంపెనీ కర్మాగారమున పలువురిని తొలగింపబూనగా పోరు మరల రగిలి డిసెంబరు వరకు సాగెను. నాయకులలో బరంపురమున పుట్టిన వరాహగిరి వేంకటగిరి ప్రముఖులు. ఉద్యోగము నిలిచినవారు సైతము తొలగింపబడినవారికై జీతము వదలుకొనుటయే ఆ సమ్మెలోని సారము.

శ్రమయు మూలధనమును సమబలములు కావని వామపక్షముల సిద్ధాంతము. ఒంటరి కూలీ చేయు ఒప్పందము పేరునకే ఒప్పందము. సంఘమున్ననే అది బేరమగును. గిరి కమ్యూనిస్టు కారు. ఐనను ఈ విషయమున ఆయన త్రోవయు అదియే. 1952లో కేంద్ర కార్మిక మంత్రియై, తగవులను నిర్బంధముగా న్యాయనిర్ణయమునకు అప్పగించుటకంటె ఉభయులును ముఖాముఖి తేల్చుకొనుట మేలనిరి. బలహీన సంఘములకు న్యాయమండలియే దిక్కను వాదమును తేలికగా త్రోసివేయదగినది కాదు. బ్యాంకు ఉద్యోగులకు సంబంధించిన తీర్పును ప్రభుత్వము మార్చగా 1954లో ఆయన పదవిని వదలిరి.

1974 మే నెలలో దేశవ్యాప్తముగా రైల్వే కార్మికులు సమ్మె చేయగా ప్రభుత్వము దానిని అణచివేసెను. అప్పటి రాష్ట్రపతి గిరియే. కార్మిక నాయకునకు పీఠము దక్కుట వేరు. కార్మికునకు బేరమాడు బలము దక్కుట వేరు.