తొలి అమెరికన్ కూర్పును గుర్తించడం: పంతొమ్మిదో శతాబ్దపు బ్రిటిష్ నవలలు

లక్ష్యాలు

ఈ పాఠ్యభాగం చదివిన తరువాత మీరు:
• ‘కూర్పు’, ‘ముద్రణ’ అనే మాటల మధ్య తేడాను వివరించగలుగుతారు.
• 1891కి పూర్వం బ్రిటిష్ నవలలు అమెరికాలో ఏ పరిస్థితుల్లో అచ్చయ్యాయో తెలుసుకుంటారు.
• ఒక ప్రతిని పరిశీలించి, అది తొలి అమెరికన్ కూర్పు అవునో కాదో ఆధారాలతో నిర్ణయించగలుగుతారు.

1. పరిచయం

గ్రంథాలయానికి విరాళంగా వచ్చిన పాత పుస్తకాల్లో న్యూయార్క్‌లో అచ్చయిన ఒక బ్రిటిష్ నవల ఉందనుకోండి. దాన్ని సూచీకరణ చేసే బాధ్యత మీదే. మీరు ‘తొలి అమెరికన్ కూర్పు’ అని నమోదు చేస్తే, తరువాత వచ్చే పరిశోధకులు ఆ మాటను నమ్ముతారు. అమెరికన్ పాఠకులు మొదట ఏ పాఠాన్ని చదివారన్న నిర్ణయానికి అదే ఆధారమవుతుంది. కాబట్టి ఆ మాట రాసేముందు ఏమేమి చూడాలో తెలిసి ఉండాలి. ఏ ఒక్క గుర్తూ ఒంటరిగా చాలదు, నాలుగైదు ఆధారాలు ఒకే కాలాన్ని చూపినప్పుడే నిర్ణయానికి రావాలి. ఈ పాఠంలోని ముఖ్యాంశం ఇదే.

2. కూర్పు, ముద్రణ

తెలుగు పుస్తకాల్లో ‘ద్వితీయ ముద్రణ’ అనే మాటను రెండు అర్థాల్లోనూ వాడుతుంటారు. ఈ పాఠంలో మాత్రం ఆ రెంటినీ వేరుచేద్దాం. అక్షరాలను ఒకసారి కూర్చి, ఆ కూర్పు నుంచి ఎన్నిసార్లు అచ్చువేసినా అదంతా ఒకే కూర్పు. అచ్చుయంత్రం మీద ఒక విడతలో తీసిన ప్రతులు ఒక ముద్రణ.

పంతొమ్మిదో శతాబ్దంలో స్టీరియోటైప్ పద్ధతి వ్యాపించడంతో ఈ తేడాకు ప్రాధాన్యం పెరిగింది. కూర్చిన టైపు నుంచి అచ్చు తీసి లోహపు పలకలు పోతపోసేవారు. ఆ పలకలను భద్రపరచి, చాలా ఏళ్ల తరువాత కూడా అదే పుస్తకాన్ని మళ్లీ వేయవచ్చు, వేరే ప్రచురణకర్తకు అమ్మవచ్చు. అందువల్ల లోపలి పుటలు అక్షరం పొల్లుపోకుండా సరిపోయినా, మీ చేతిలోని ప్రతి తొలి ముద్రణకు చెందిందని చెప్పలేం.

3. చట్టం నేపథ్యం

అమెరికాలో 1790 నాటి కాపీరైట్ చట్టం ఆ దేశ పౌరులకు, అక్కడ నివసించేవారికి మాత్రమే రక్షణ కల్పించింది. లండన్‌లో వెలువడిన నవలను అమెరికాలో ఎవరైనా అచ్చువేసుకోవచ్చు, రచయితకు పైకం ఇవ్వనక్కర్లేదు. 1842లో అమెరికాలో పర్యటించిన డికెన్స్ ఈ పరిస్థితిని బహిరంగంగానే విమర్శించాడు. అది నైతికంగా ఎలా ఉన్నా చట్టవిరుద్ధం కాదు.

ముందుగా మార్కెట్‌లోకి తెచ్చినవారికే లాభం. అందుకే పెద్ద ప్రచురణకర్తలు కొందరు లండన్‌కు సొమ్ము చెల్లించి, అచ్చయిన పుటలను ముందుగానే ఓడల మీద తెప్పించుకునేవారు. దీనివల్ల కొన్నిసార్లు అమెరికన్ ప్రతే ముందు వెలువడింది. స్టీవెన్‌సన్ రాసిన ‘డాక్టర్ జెకిల్ అండ్ మిస్టర్ హైడ్’ న్యూయార్క్‌లో 1886 జనవరి 5న వస్తే, లండన్‌లో 9న వచ్చింది. డికెన్స్ ‘పిక్విక్ పేపర్స్’ లండన్‌లో ఇంకా నెలవారీ భాగాలుగా వస్తుండగానే, ఫిలడెల్ఫియాలో దాని మొదటి సంపుటం 1836లో పుస్తకరూపంలో వెలువడింది.

1891లో చేసిన చట్టం విదేశీ రచయితలకూ రక్షణ ఇచ్చింది. అయితే పుస్తకాన్ని అమెరికాలోనే టైపు కూర్చి అచ్చువేయాలనీ, ప్రచురణ తేదీ నాటికి రెండు ప్రతులు సమర్పించాలనీ షరతు పెట్టింది. కాబట్టి ఒక నవల 1891కి ముందుదా, తరువాతిదా అన్నది మీరు మొదట తేల్చుకోవాలి.

4. పరిశీలించవలసిన ఆధారాలు

(అ) ప్రచురణకర్త పేరు, చిరునామా: సంస్థల పేర్లు భాగస్వాములతో పాటు మారేవి. ఫిలడెల్ఫియాలోని ఒకే సంస్థ ‘కేరీ అండ్ లీ’గా ఉండి, 1833లో ‘కేరీ, లీ అండ్ బ్లాంచర్డ్’ అయింది, 1838లో ‘లీ అండ్ బ్లాంచర్డ్’ అయింది. న్యూయార్క్‌లోని హార్పర్ సంస్థ 1833 వరకు ‘జె. అండ్ జె. హార్పర్’, ఆ తరువాత ‘హార్పర్ అండ్ బ్రదర్స్’. ఆ సంస్థ కొంతకాలం క్లిఫ్ వీధి 82వ నంబరును చిరునామాగా వేసుకునేది, తరువాత ‘ఫ్రాంక్లిన్ స్క్వేర్’ అని వేసుకుంది. కనుక 1848లో తొలిసారి వెలువడిన హార్పర్ నవల ప్రతి మీద ఫ్రాంక్లిన్ స్క్వేర్ అని ఉంటే అది తొలి ముద్రణ కాదు.

(ఆ) తేదీ: టైటిల్ పేజీ మీది సంవత్సరాన్ని, దాని వెనుక వైపున్న కాపీరైట్ సంవత్సరాన్ని విడివిడిగా రాసుకోండి. కాపీరైట్ సంవత్సరం హక్కు నమోదైన కాలాన్ని చెబుతుంది, మీ ప్రతి అచ్చయిన కాలాన్ని కాదు. 1880, 1890లలో ఎ. ఎల్. బర్ట్, హర్స్ట్ వంటి చవక ప్రచురణకర్తల పుస్తకాల్లో తరచుగా తేదీయే ఉండదు. అవి ఎక్కువగా పునర్ముద్రణలే. అయినా చవకగా ఉన్నంత మాత్రాన తోసిపుచ్చరాదు, ఎందుకంటే హడావుడిగా కాగితపు అట్టతో వచ్చిన ప్రతే కొన్నిసార్లు తొలి కూర్పు అవుతుంది.

(ఇ) సంపుటాల సంఖ్య: లండన్‌లో అద్దె గ్రంథాలయాల కోసం నవలలను మూడు సంపుటాలుగా వేసేవారు. అమెరికాలో కొని చదివేవారి కోసం ఒకటి, రెండు సంపుటాలకు కుదించేవారు. జేన్ ఆస్టిన్ ‘ఎమ్మా’ లండన్‌లో మూడు సంపుటాలు, 1816 నాటి ఫిలడెల్ఫియా కూర్పు రెండు సంపుటాలు.

(ఈ) పుస్తకం పేరు: పేరు కూడా మారి ఉండవచ్చు. ‘ప్రైడ్ అండ్ ప్రెజుడిస్’ 1832లో ఫిలడెల్ఫియాలో వచ్చినప్పుడు కథానాయిక పేరును ముందుకు తెచ్చి ‘ఎలిజబెత్ బెనెట్, ఆర్, ప్రైడ్ అండ్ ప్రెజుడిస్’ అని వేశారు. కేవలం అక్షరక్రమంలో వెదికితే ఇది మీకు దొరకదు.

(ఉ) చివరి ప్రకటనలు: పుస్తకం చివర కుట్టిన జాబితాలో, టైటిల్ పేజీ సంవత్సరం తరువాత వెలువడిన పుస్తకం పేరు కనిపిస్తే ఆ ప్రతిని ఆలస్యంగా బైండు చేశారని అర్థం. గుర్తుంచుకోండి, జాబితా చెప్పేది బైండింగ్ కాలాన్నే. పుటలు అంతకుముందే అచ్చయి ఉండవచ్చు.

5. ఒక ఉదాహరణ: ‘వుదరింగ్ హైట్స్’

ఎమిలీ బ్రాంటీ నవల 1847 డిసెంబరులో లండన్‌లో ‘ఎలిస్ బెల్’ అనే మారుపేరుతో వచ్చింది. మూడు సంపుటాల్లో మొదటి రెండు ఈ నవల, మూడోది చెల్లెలు ఆన్ రాసిన ‘ఆగ్నెస్ గ్రే’. 1848లో హార్పర్ సంస్థ వేసిన కూర్పులో ‘ఆగ్నెస్ గ్రే’ లేదు. రచయిత పేరుకు బదులు ‘జేన్ ఐర్ రచయిత’ అని ఉంది. ‘జేన్ ఐర్’ రాసినది అక్క షార్లెట్, ఆమె మారుపేరు ‘కరర్ బెల్’. బాగా అమ్ముడుపోతున్న నవల పేరును వేరొకరి నవలకు తగిలించారన్నమాట.

ఈ గందరగోళం అక్కడితో ఆగలేదు. ఆన్ రెండో నవలను కూడా కరర్ బెల్ రచనగా అమెరికాకు అమ్మజూపుతున్నారని తెలిసి, తాము వేర్వేరు వ్యక్తులమని రుజువు చేసుకోవడానికి షార్లెట్, ఆన్ 1848 జులైలో రాత్రి రైలెక్కి లండన్ వెళ్లి, షార్లెట్ ప్రచురణకర్తను స్వయంగా కలుసుకోవలసి వచ్చింది.

మీకు ఇక్కడ రెండు పాఠాలున్నాయి. టైటిల్ పేజీ అబద్ధం చెప్పవచ్చు. అయితే ఆ అబద్ధమే కూర్పును గుర్తించడానికి ఆధారం కావచ్చు. కాబట్టి సూచీలో ఆ వాక్యాన్ని ఉన్నది ఉన్నట్టు రాసి, అసలు రచయిత్రి పేరును వేరుగా ఇవ్వాలి.

6. సూచీలో నమోదు చేసే విధానం

టైటిల్ పేజీ మీద చూసినదాన్ని, ఇతర ఆధారాల నుంచి ఊహించినదాన్ని కలపకండి. తేదీ లేని ప్రతికి మీరు నిర్ణయించిన సంవత్సరాన్ని చదరపు కుండలీకరణాల్లో [1848?] అని రాయండి. ఆధారాలు చాలనప్పుడు ‘తొలి’ అనే మాటను వాడకుండా, చిరునామా, సంపుటాల సంఖ్య, ప్రకటనల వివరాలు గమనికలో ఇవ్వండి. ఇంటర్నెట్ ఆర్కైవ్‌లోని స్కాన్ చేసిన ప్రతులతో పుటలను పోల్చి చూసుకోవచ్చు.

7. సారాంశం

అమెరికాలో 1891 వరకు విదేశీ రచనలకు కాపీరైట్ లేకపోవడంతో ఒకే బ్రిటిష్ నవల పలువురి చేతుల మీదుగా, పలు రూపాల్లో అచ్చయింది. పేరు, చిరునామా, తేదీ, సంపుటాలు, ప్రకటనలు పరస్పరం సరిపోలినప్పుడే తొలి అమెరికన్ కూర్పు అని నిర్ధారించాలి. ఒక్క ఆధారం ఎదురు తిరిగినా, దానికి కారణం తేలేవరకు నిర్ణయాన్ని ఆపాలి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. లోపలి పుటలు తొలి ముద్రణతో పూర్తిగా సరిపోయినా ప్రతి తొలి ముద్రణకు చెందిందని ఎందుకు చెప్పలేం?
2. హార్పర్ అండ్ బ్రదర్స్ పేరుతో, క్లిఫ్ వీధి చిరునామాతో, తేదీ లేకుండా ఉన్న ప్రతి ఏ కాలానికి చెంది ఉండవచ్చు? మీ సమాధానానికి కారణాలు రాయండి.