నియాపొలిటన్ సిక్స్త్

నియాపొలిటన్ సిక్స్త్ పాశ్చాత్య శాస్త్రీయ సంగీతంలోని ఒక క్రోమాటిక్ కార్డ్. ఒకేసారి పలికే స్వరాల సమూహాన్ని కార్డ్ అంటారు. స్కేలులోని రెండవ స్వరాన్ని ఒక స్వరస్థానం తగ్గించి, దానిపై నిర్మించిన మేజర్ కార్డ్ ఇది. 18వ శతాబ్దపు నేపుల్స్ ఒపేరాల వలన దీనికి ఈ పేరు వచ్చినప్పటికీ, 17వ శతాబ్దంలోనే ఇది వాడుకలో ఉన్నది.

నిర్మాణం

సి మైనర్‌లో దీని స్వరాలు డి-ఫ్లాట్, ఎఫ్, ఎ-ఫ్లాట్. సి స్వరాన్ని షడ్జమంగా భావిస్తే ఇవి కర్ణాటక సంగీతంలోని శుద్ధ రిషభ, శుద్ధ మధ్యమ, శుద్ధ ధైవత స్థానాలు. సాధారణంగా ఎఫ్ అడుగున ఉంటుంది. ఎఫ్ నుండి లెక్కిస్తే డి-ఫ్లాట్ ఆరవది కనుక దీనిని సిక్స్త్ అన్నారు.

భావ ప్రకటన

ఈ కార్డ్ ఎక్కువగా మైనర్ రచనలలో కనిపిస్తుంది. విడిగా వింటే మేజర్ కార్డ్ ప్రసన్నంగా ఉంటుంది. ఇక్కడ మాత్రం అది శోకాన్ని తగ్గించదు, పెంచుతుంది. స్కేలుకు చెందని రిషభం తరువాతి డామినెంట్ కార్డ్‌లో తరచు షడ్జమాన్ని దాటి కాకలి నిషాదానికి దిగుతుంది. క్షణకాలం తోచిన ఊరట అంతలోనే చెదరిపోతుంది.

ఉదాహరణలు

* మొజార్ట్ 23వ పియానో కన్చెర్టో (1786) రెండవ భాగం: ఎఫ్-షార్ప్ మైనర్‌లో జి మేజర్ కార్డ్.
* బీథోవెన్ "మూన్‌లైట్" సొనాటా (1801): సి-షార్ప్ మైనర్‌లో మూడవ బార్‌లోనే డి మేజర్ కార్డ్.
* బీథోవెన్ "అపాసియొనాటా" సొనాటా (ప్రచురణ 1807): ఎఫ్ మైనర్‌లో మొదలైన ఇతివృత్తం వెంటనే జి-ఫ్లాట్ మేజర్‌లో మరల వినిపిస్తుంది. ఇక్కడ నియాపొలిటన్ సంబంధం ఒక్క కార్డ్‌కు పరిమితం కాక, రచన నిర్మాణానికే ఆధారమైనది.