ట్రక్కు లాగు ట్రాక్టరులో గేర్ల చిక్కులు: కారణములు, సవరణలు

కోతలు ముగిసి ధాన్యము మిల్లులకు, చెరకు ఫ్యాక్టరీలకు తరలు రోజులలో ట్రాక్టరుకు విశ్రాంతి ఉండదు. గేరు పడకపోవుట, పడిన గేరు జారిపోవుట, ఇంజను మోగుచున్నను బండి లాగకపోవుట మొదలగు చిక్కులు ఆ రోజులలోనే బయటపడును. వెంటనే గేరుబాక్సు చెడినదని తలచి విప్పించుట పలువురి అలవాటు. విప్పినచో డబ్బు ఖర్చుతోపాటు పని రోజులును పోవును. పెక్కు సందర్భములలో తప్పు గేర్లలో ఉండదు; క్లచ్‌లోనో, నూనెలోనో, వేసిన బరువులోనో ఉండును. కనుక ముందు వెలుపలి కారణములను చూచి, తరువాతనే లోపలికి పోవలెను.

క్లచ్ చేయు పని

ఇంజను తిరుగుడును గేరుబాక్సుకు అందించునది క్లచ్ ప్లేటు. పెడలు తొక్కినపుడు ఆ ప్లేటు పూర్తిగా విడిపోవలెను. వదలినపుడు పూర్తిగా పట్టవలెను. విడకున్నచో గేరు గరగరలాడును. పట్టకున్నచో ఇంజను ఊరక తిరుగును, బండి కదలదు. ఈ తేడాను బట్టియే చిక్కు ఎక్కడ ఉన్నదో తెలియును.

గేరు గరగరలాడినచో

1. పెడలు ఆట చూడుడు. పెడలును చేతితో మెల్లగా నొక్కినపుడు మొదట తేలికగా దిగి, పిమ్మట బిగువు తగులును. ఆ తేలికగా దిగు దూరమే ఆట. ఎక్కువ ట్రాక్టర్లలో ఇది 20 నుండి 40 మిల్లీమీటర్ల మధ్య ఉండును. మీ బండితో ఇచ్చిన పుస్తకములోని కొలతయే మీకు ప్రమాణము. ఆట ఎక్కువైనచో పెడలు అడుగంట తొక్కినను ప్లేటు విడదు. పెడలు కడ్డీకి ఉన్న నట్టుతో దీనిని సరిచేయవచ్చును.

2. తొందర పడకుడు. ఇంజను వేగము తగ్గించి, పెడలు పూర్తిగా తొక్కి, ఒకటి రెండు క్షణములు ఆగి గేరు వేయుడు. చాలా ట్రాక్టర్లలో బండి నిలిపిన తరువాతనే గేరు మార్చవలెను. సింక్రోమెష్ గేర్లు ఉన్న బండ్లలో కదులుచుండగా మార్చవచ్చును గాని, పుస్తకములో వేరుగా చెప్పిననే తప్ప, హై-లో లివరును బండి ఆపియే మార్చుడు.

3. దమ్ము చేసిన తరువాత చాలా దినములు బండిని నిలిపి ఉంచినచో, క్లచ్‌లో చేరిన తేమకు త్రుప్పు పట్టి ప్లేటు అంటుకొనిపోవచ్చును. పెక్కు బండ్లలో క్లచ్ పెట్టె అడుగున ఒక రంధ్రము ఉండును. దమ్ములోనికి దిగుటకు ముందు దానికి బిరడా బిగించి, పని కాగానే తీసివేయవలెను. తీయుట మరచినచో లోపలి నీరు బయటకు పోవు దారి ఉండదు.

ఇంజను తిరిగినను బండి లాగకున్నచో

ఇది క్లచ్ జారుట. మాడిన వాసన కూడ వచ్చును. దీనికి ముఖ్యకారణము డ్రైవరు కాలు ఎల్లపుడు పెడలుపై ఆనించి ఉంచుట. ఆ కొద్దిపాటి ఒత్తిడికే ప్లేటు సగము విడి, రాపిడికి వేడెక్కి అరిగిపోవును. పెడలు ఆట బొత్తిగా లేకున్నను ఇదే జరుగును.

పరీక్షించుటకు ట్రక్కును విడదీసి, చదునైన నేలపై బండిని నిలిపి, ముందు వెనుకల మనుషులు లేకుండ చూచుకొనుడు. రెండు బ్రేకులు కలిపి బిగించి, పై గేరు వేసి, తక్కువ వేగముపై పెడలును మెల్లగా వదలుడు. ఇంజను ఆగిపోయినచో క్లచ్ బాగున్నట్లు. ఆగక తిరుగుచున్నచో వెంటనే పెడలు తొక్కి పరీక్ష మానుడు, క్లచ్ జారుచున్నది. ఈ పరీక్షను పదేపదే చేసినచో ప్లేటు మాడును.

క్లచ్ పెట్టె రంధ్రము నుండి నూనె కారుచున్నదేమో చూడుడు. పలుచగా నల్లగా ఉన్నచో అది ఇంజను నూనె. చిక్కగా ఉన్నచో గేరు నూనె. ఆ వైపు సీలు పోయినదని గ్రహించి, మెకానిక్కుకు ఆ మాట ముందే చెప్పుడు.

గేరు జారిపోవుచున్నచో

లివరు పూర్తిగా పడినదో లేదో మొదట చూడుడు. లివరు క్రింది మట్టిగాని, వంగిన కడ్డీగాని అడ్డు కావచ్చును. అవి సరిగా ఉన్నను బరువుపై గేరు జారుచున్నచో, గేరును నిలిపి ఉంచు స్ప్రింగు, ఫోర్కు, పండ్లు అరిగి ఉండును. అప్పుడు మాత్రము గేరుబాక్సు విప్పక తప్పదు. లివరును చేతితో అదిమిపట్టి బండి నడుపరాదు.

నూనె చెప్పు సంగతులు

నూనె మట్టము తగ్గినచో గేర్లు వేడెక్కి మ్రోగును. నూనె మజ్జిగవలె తెల్లబడినచో నీరు కలిసినదని అర్థము, దానిని మార్చవలెను. పెక్కు ట్రాక్టర్లలో గేరుబాక్సుకు, హైడ్రాలిక్కుకు ఒకే నూనె గనుక పుస్తకములో చెప్పిన రకమే పోయుడు. నూనె మార్చునపుడు అడుగు బిరడాకు సన్నని ఇనుప పొడి అంటినచో భయము లేదు. పెచ్చులు, పలుకులు కనబడినచో పండ్లు విరుగుచున్నవని తెలుసుకొనుడు.

బరువు, దిగుడు

75 కిలోల ధాన్యపు బస్తాలు 60 వేసినచో 4,500 కిలోలగును. ట్రక్కు సొంత బరువు దీనికి అదనము. బండి శక్తికి మించిన బరువు క్లచ్‌నే ముందుగా తినివేయును. ట్రక్కును క్రింది లాగుడు పట్టీకే తగిలించుడు. ఎత్తున తగిలించినచో ముందు చక్రములు లేచి బండి వెనుకకు బోర్లపడు ప్రమాదమున్నది.

అన్నిటికంటె జాగ్రత్త పడవలసినది దిగుడు దారిలో. కాలువ గట్టు దిగునపుడు డీజిలు మిగులునని గేరు తీసివేయుటగాని, క్లచ్ తొక్కి ఉంచుటగాని ప్రాణాపాయము. ఇంజను పట్టు తప్పినచో బ్రేకులు లేని ట్రక్కు బండిని ముందుకు త్రోయును. ఆ వేగములో మరల గేరు పడదు. కనుక దిగుటకు ముందే బండి ఆపి, ఎక్కుటకు వాడు తక్కువ గేరునే వేసి, రెండు బ్రేకు పెడళ్ళను కలిపి గొళ్ళెము పెట్టి దిగుడు. గేరు జారు అలవాటున్న బండికి బరువు కట్టి గట్టు దింపనే కూడదు. ట్రక్కుపై మనుషులను ఎక్కించరాదు.

గ్రామాధికారులు కోతలకు ముందే ఊరి డ్రైవర్లను ఒకచోట చేర్చి, పెడలు ఆట కొలుచుట, నూనె చూచుట చేసి చూపించినచో మేలు. అనంతపురం జిల్లా గార్లదిన్నెలో 1983లో ఏర్పడిన కేంద్రప్రభుత్వ వ్యవసాయ యంత్రముల శిక్షణ, పరీక్షా సంస్థలో రైతులకు ట్రాక్టరు శిక్షణ ఇచ్చుచున్నారు. ఆసక్తిగల యువకులను అచటికి పంపవచ్చును. వారమునకు ఒకమారు పెడలు ఆటను, నూనె మట్టమును, లాగుడు పిన్నును చూచుకొను రైతు బండి, పని రోజున నడిరోడ్డుపై నిలిచిపోవుట అరుదు.