ఏమీ చేయకపోవడం నేర్చుకున్న ముప్పై ఎనిమిదేళ్లు

అందరూ నడిచే దారి వదిలి వేరే దారి పట్టినవారి గురించిన కథనాలు సాధారణంగా ఉద్యోగానికి రాజీనామా ఇచ్చిన రోజు దగ్గర మొదలై, పేరు వచ్చిన రోజు దగ్గర ఆగిపోతాయి. ఆ రెంటి నడుమ గడిచిన కాలానికి ఒకటి రెండు వాక్యాలు దక్కితే గొప్ప. సృజన గానీ, బతుకుకు అర్థం గానీ రూపు కట్టేది ఆ నడిమి కాలంలోనే అనడానికి జపాను రైతు మసనొబు ఫుకుఒకా జీవితం కంటే మంచి ఉదాహరణ దొరకడం కష్టం. ఆయన కొలువు వదిలింది 1937లో, ఆయన పేరును దేశదేశాలకు చేర్చిన పుస్తకం జపనీస్‌లో వెలువడింది 1975లో. మధ్యనున్న ముప్పై ఎనిమిదేళ్లలో తోట ఎండిపోయిన కాలం ఉంది, తల వంచుకుని మళ్లీ సర్కారు జీతానికి పోయిన కాలమూ ఉంది.

ఫుకుఒకా 1913లో షికోకు ద్వీపంలోని ఎహిమె ప్రాంతంలో, కమలాలు పండించే కుటుంబంలో పుట్టాడు. గిఫులోని వ్యవసాయ కళాశాలలో మొక్కల తెగుళ్ల శాస్త్రం చదివి, యొకొహామా రేవులోని కస్టమ్స్ శాఖలో, ఓడల మీద వచ్చిపోయే మొక్కలనూ పళ్లనూ తెగుళ్ల కోసం తనిఖీ చేసే విభాగంలో చేరాడు. అక్కడ ఆయనకు దారి చూపిన ఎయిచి కురొసావా సామాన్యుడు కాదు. వరి మొక్కను విపరీతంగా సాగదీసి నిలవలేకుండా చేసే ఒక బూజు తెగులును పరిశీలిస్తూ, ఆ సాగుదలకు కారణం బూజు నుంచి ఊరే ఒక పదార్థమని 1926లో తేల్చినవాడు. ఆ పదార్థాన్నే తర్వాత జిబ్బరెల్లిన్ అన్నారు. నేడు మన ద్రాక్ష తోటల్లో గుత్తులకు పట్టించే మందు అదే. మొక్కల లోగుట్టు ఇంకా ఇంకా తెలుసుకుంటే వాటిని ఇంకా ఇంకా మన చేతిలో పెట్టుకోవచ్చన్న నమ్మకానికి ఆ ప్రయోగశాల నిలువుటద్దం. దానికి పూర్తిగా ఎదురు తిరిగిన మనిషి అందులోంచే వచ్చాడు.

ఇరవై అయిదో ఏట తీవ్రమైన న్యుమోనియాతో ఆసుపత్రి పాలై, చావు భయం పట్టుకుని, కోలుకున్నాక కూడా ఆ దిగులు వదలక తిరుగుతున్న రోజుల్లో, ఒక రాత్రంతా రేవు పైనున్న గుట్ట మీద చెట్టుకు ఆనుకుని గడిపిన ఆయన, తెల్లవారుజామున కొంగ ఒకటి అరిచి ఎగిరిపోయిన క్షణంలో, మనుషులు తెలుసు అనుకునేదంతా నిలవని అల్లికేనన్న భావం తనను కమ్మేసిందని తర్వాతి కాలంలో రాశాడు. మర్నాడే రాజీనామా చేశాడు. కనబడినవారికల్లా ఈ సంగతి చెబుతూ కొన్నాళ్లు తిరిగితే ఎవరూ చెవిన పెట్టలేదు. చివరికి ఇంటికి చేరి, మాటల్లో నిలబెట్టలేనిదాన్ని పొలంలో చేసి చూపాలనుకున్నాడు.

ఇక్కడ ఒక పారిభాషిక పదాన్ని విప్పుకోవాలి. అస్తిత్వవాదులు, అంటే మనిషి ముందుగా నిర్ణయమై పుట్టడనీ తన ఎంపికలతోనే తనను తాను తయారు చేసుకుంటాడనీ వాదించే తత్వవేత్తలు, ప్రామాణిక జీవితం అనే మాట వాడతారు. లోకం అప్పజెప్పిన పాత్రను అలవాటుగా మోయకుండా, తన బతుకును తానే ఎంచుకుని, ఆ ఎంపిక తెచ్చే మంచిచెడ్డలను కూడా తానే భరించడం దాని సారాంశం. ఈ నిర్వచనంలో మొదటి సగం అందరికీ నచ్చుతుంది. రెండో సగం ఫుకుఒకాకు తండ్రి కమలా తోటలో ఎదురైంది. ప్రకృతిని దాని మానాన వదిలేస్తే చాలనుకుని ఆయన కొమ్మలు కత్తిరించడం మానేశాడు. కొమ్మలు ఒకదాని మీదొకటి అల్లుకుపోయి, ఎండ లోపలికి దిగక, పురుగు పట్టి, తోట ఎండిపోయింది. ఏళ్ల తరబడి కత్తెరకు అలవాటుపడిన చెట్టుకు తన సహజరూపం అప్పటికే పోయిందనీ, అలాంటి చెట్టును ఒక్కసారిగా వదిలేయడం అనాథను చేయడమే తప్ప ప్రకృతికి అప్పగించడం కాదనీ ఆయనకు తెలిసివచ్చింది అప్పుడే. ఆయన చెప్పిన వాటన్నిటిలోకీ విలువైనది బహుశా ఈ ఒక్క తేడానే. కొలువు మానేసి కొండల్లోకి పోతే తానే తానవుతానని నమ్మే ఉద్యోగికీ ఇది వర్తిస్తుంది, ఎందుకంటే ఏళ్ల తరబడి కత్తెర పడింది అతని మీద కూడా.

తండ్రి ఊరి పెద్ద. ఆయన కొడుకు పని లేకుండా కొండ మీద గుడిసెలో ఉండడం బాగుండదన్న ఒత్తిడి పెరిగి, ఫుకుఒకా 1939లో కొచి ప్రాంతపు వ్యవసాయ పరిశోధన కేంద్రంలో చేరాడు. యుద్ధకాలంలో పురుగులనూ తెగుళ్లనూ అదుపు చేసే పద్ధతులు పరిశోధిస్తూ రైతులకు సలహాలిచ్చాడు. ఆయనను ఋషిని చేయదలచిన అభిమానులు ఈ అధ్యాయాన్ని తొందరగా దాటేస్తారు గానీ, రసాయన సేద్యం బలం ఎంతో, దాని అవసరం ఎక్కడ నిజమో ఎక్కడ మనం కల్పించుకున్నదో లోపలి నుంచి చూసి తూచుకునే అవకాశం ఆయనకు దక్కింది అక్కడే.

యుద్ధం ముగిశాక ఊరికి తిరిగొచ్చి మొదలుపెట్టిన సేద్యానికి ఒకే ఒక ప్రశ్న ఆధారం. ఇంకా ఏం చేస్తే దిగుబడి పెరుగుతుందని అందరూ అడుగుతుండగా, ఏది చేయకపోయినా ఫరవాలేదని ఆయన అడిగాడు. చాలాకాలంగా దున్నని ఒక పాత పొలంలో, గడ్డి చిక్కుల మధ్య నుంచి ఆరోగ్యంగా లేచిన వరి మొలకలు ఆయన కంటబడ్డాయి. నారు పోయడం, దమ్ము చేయడం, నాటడం, పంటకాలమంతా మడిలో నీరు నిలపడం ఒక్కొక్కటిగా వదులుకుంటూ వచ్చాడు. దుక్కి వద్దు, రసాయన ఎరువుగానీ తయారుచేసిన కంపోస్టుగానీ వద్దు, దున్ని గానీ మందు కొట్టి గానీ కలుపు తీయడం వద్దు, పురుగుమందుల మీద ఆధారపడడం వద్దు అన్న నాలుగు సూత్రాలు అలా తేలాయి. దీన్నే ఏమీ చేయని సేద్యం అన్నారు. పేరు చూసి ఇది బద్ధకస్తుల పని అనుకున్నవారు కొడవలి పట్టిన ఆయన శిష్యులను చూడనివారే.

పని తీరు ఇలా ఉండేది. వరి ఇంకా కోతకు రాకముందే, అక్టోబరులో, నిలబడిన పైరులోనే తెల్ల క్లోవర్ అనే పప్పుజాతి మొక్క విత్తనాలనూ, వెనకే బార్లీ, రై గింజలనూ వెదజల్లేవాడు. వరి కోసి నూర్చాక గడ్డినంతా మళ్లీ అదే పొలంలో పరిచి, పిట్టలూ ఎలుకలూ తినకుండా బంకమట్టి ఉండలుగా చుట్టిన వడ్లను నవంబరు, డిసెంబరు నాటికి చల్లేవాడు. మే నెలలో బార్లీ కోసేసరికి వరి మొలకలు కింద సిద్ధంగా ఉండేవి. జూన్‌లో వారం పది రోజులు నీరు నిలిపితే క్లోవరూ కలుపూ బలహీనపడి వరి పైకి లేచేది. గడ్డి పరిచే పద్ధతి దగ్గర ఆయన పట్టుదల విచిత్రంగా ఉంటుంది. గడ్డిని వరుసలు తీర్చి అందంగా పరిస్తే మొలక పైకి రాలేదు, గాలి పడేసినట్టు అడ్డదిడ్డంగా విసిరితేనే సందుల్లోంచి లేస్తుంది. వరి గడ్డి వరి మీద వేస్తే తెగుళ్లు వస్తాయి కాబట్టి వరి గడ్డి బార్లీకి, బార్లీ గడ్డి వరికి. ఇలా పావు ఎకరంలో సుమారు 590 కిలోల వరి, దాదాపు అంతే బార్లీ, రై పండేవని ఆయన లెక్క. వరి ఒక్కటే తీసుకున్నా ఎకరానికి 75 కిలోల బస్తాలు ముప్పై దాటుతాయి.

కృష్ణా, గుంటూరు డెల్టా రైతుకు ఇందులో కొంత కొత్తేమీ కాదు. వరి కోతకు రెండు మూడు రోజుల ముందు, నిలబడిన చేలో మినుములో పెసలో చల్లి, నేలలో మిగిలిన తేమతో దుక్కి లేకుండా రెండో పంట తీయడం అక్కడ ఎప్పటినుంచో ఉంది. ఫుకుఒకా సృజన కొత్త పనిముట్టును కనిపెట్టడంలో లేదు. రైతులు అక్కడక్కడా చేస్తూ వచ్చిన ఈ రకం పనిని ఏడాది పొడవునా నడిచే విధానంగా మలచడంలో, పనులను ఒక్కొక్కటే తీసివేస్తూ పోవడంలో ఉంది. ఆయన మట్టి ఉండలే తరువాత విత్తన బంతులుగా దేశదేశాలు తిరిగాయి. నేడు తెలుగునాట బడిపిల్లలు తొలకరికి గుట్టల మీద విసిరే సీడ్‌బాల్స్ ఆ కోవకు చెందినవే.

సేద్యంలో తగ్గించిన శ్రమ దేనికి అన్న ప్రశ్నకు ఆయన జవాబు ఊరి గుడిలో దొరుకుతుంది. ఆ గుడిని శుభ్రం చేస్తుండగా పాత చెక్కపలకల మీద పూర్వపు రైతులు రాసిన హైకూలు, అంటే పదిహేడు అక్షరాల చిన్న కవితలు, కనిపించాయి. ఒకప్పుడు చలికాలంలో రైతుకు కుందేళ్ల వేటకూ కవితలకూ తీరిక ఉండేదనీ, యంత్రాలూ రసాయనాలూ వచ్చాక పంటతోపాటు పరుగు కూడా పెరిగి ఆ తీరిక పోయిందనీ ఆయన బాధ. కవి కాగల రైతును తయారు చేయలేని వ్యవసాయం ఎంత పండించినా వెనకబడినదే అన్నది ఆయన దృష్టి.

అయితే ఈ దారి అందరికీ తెరిచి ఉన్నదని చెప్పడం అబద్ధం. తండ్రికి భూమి ఉంది. తోట ఎండినా కుటుంబం వీధిన పడలేదు. కౌలు కట్టవలసిన రైతు ఇలాంటి ప్రయోగంలో ఒక్క పంట పోగొట్టుకుంటే మరుసటి ఏడు పొలమే ఉండదు. ఆంధ్రప్రదేశ్‌లో 2016 నుంచి రైతు సాధికార సంస్థ ద్వారా సాగుతున్న ప్రకృతి వ్యవసాయం వేరే మార్గం ఎంచుకున్నది. అందులో ఆవు పేడ, మూత్రాలతో జీవామృతం తయారీ ఉంది, ఊరూరా సలహాలిచ్చే రైతుల బృందాలు ఉన్నాయి. ఫుకుఒకా పద్ధతితో పోలిస్తే అందులో చేయవలసిన పనులు ఎక్కువే, కాని ఒంటరి రైతు మోయలేని నష్టభయాన్ని నలుగురి మధ్య పంచుకునే వీలుంది.

1988లో రామన్ మెగసెసె పురస్కారం అందుకున్న ఫుకుఒకా 2008 ఆగస్టులో, తొంభై అయిదేళ్ల వయసులో మరణించాడు. ఆయన పుస్తకం తెలుగులో గడ్డిపరకతో విప్లవం పేరుతో ఉంది. దాన్ని చేతపట్టుకుని రాజీనామా పత్రం రాయాలనుకునే పాఠకులు, గుట్ట మీద గడిచిన రాత్రి గురించిన పుటలతోపాటు, కమలా తోట ఎండిపోయిన పుటలు కూడా ఒకసారి నెమ్మదిగా చదవాలి.