షాపిఫైలో స్టోర్ పెట్టారా? ఆర్డర్లు రాకముందే ఈ సెట్టింగ్స్ చూసుకోండి!
షాపిఫైలో కొత్తగా స్టోర్ తెరిచినవాళ్లు అడ్మిన్ పేజీ చూడగానే కంగారుపడతారు. నిజానికి రోజువారీ పనంతా రెండు చోట్లే. వచ్చిన ఆర్డర్లు 'ఆర్డర్స్'లో, ధర, స్టాక్ వివరాలు 'ప్రొడక్ట్స్'లో ఉంటాయి.

డబ్బు లెక్క తేలేది మాత్రం 'సెట్టింగ్స్'లోనే. కంప్యూటర్‌లో ఇది ఎడమవైపు అడుగున కనిపిస్తుంది. అందులో 'షిప్పింగ్ అండ్ డెలివరీ'లోకి వెళ్లి పార్శిల్ బరువుకు తగ్గట్టు చార్జీ పెట్టాలి. లేదంటే వచ్చిన లాభం కొరియర్‌కే పోతుంది. క్యాష్ ఆన్ డెలివరీ కావాలంటే 'పేమెంట్స్'లో ఆన్ చేసుకోవాలి.

సహాయకులకు ఓనర్ పాస్‌వర్డ్ అస్సలు ఇవ్వొద్దు. ప్లాన్‌ను బట్టి వేరే లాగిన్ ఇచ్చి, ఆర్డర్లు చూసే అనుమతి వరకే ఇస్తే చాలు.

చివరగా ఒక టెస్ట్ ఆర్డర్ పెట్టి చూడాలి. చార్జీలు, పన్ను సరిగ్గా పడ్డాయని తేలాకే స్టోర్‌కున్న పాస్‌వర్డ్ తీసేయాలి. అప్పుడే కస్టమర్లకు షాపు తెరుచుకుంటుంది.