గట్టున కూచోకండి... పగడాల తోట చూసి రండి!

పగడం అనగానే మనకు గుర్తొచ్చేది మంగళసూత్రాల పక్కన గుచ్చుకునే ఎర్రపూస. లేదంటే కుజదోషం ఉందని జ్యోతిష్కుడు చెబితే చేయించుకునే ఉంగరం. తరతరాలుగా మెళ్లో వేసుకుంటున్నాం గానీ అది ఒకప్పుడు సముద్రంలో ప్రాణంతో ఉన్న జీవి అస్థిపంజరమని మనలో ఎంతమందికి తెలుసు?

నగల్లో వాడే ఎర్రపగడం ఎక్కువగా మధ్యధరా సముద్రంలో దొరికే జాతి. మన దేశంలో అండమాన్, లక్షద్వీప్, మన్నారు సింధుశాఖ, కచ్ సింధుశాఖల్లో ఉన్నవి వేరు. వాటిని మెళ్లో వేసుకోలేం గానీ కళ్లారా చూడొచ్చు. ఈత రాకపోయినా, నలభై దాటినా, చీర తప్ప వేరే బట్ట కట్టి ఎరగని వాళ్లయినా చూడొచ్చు. అదెలాగో చెబుతాను.

చెట్టా, రాయా, జంతువా?

చూడ్డానికి చెట్టులా కొమ్మలుంటాయి. ముట్టుకుంటే రాయిలా గట్టి. నిజానికి పగడం జంతువు. గోరంత కూడా ఉండని జీవులు వేలకొద్దీ ఒకచోట చేరి, నీళ్లలోని సున్నం తీసుకుని, తమ చుట్టూ గూడు కట్టుకుంటాయి. గూటి మీద గూడు పెరిగి దిబ్బలవుతాయి. కొమ్మల పగడం ఏడాదికి పది సెంటీమీటర్ల దాకా పెరిగితే, బండలా ఉండే రకం ఏడాదికి ఒక సెంటీమీటరు పెరగడమే గొప్ప.

వాటి సంసారం ఎంత ముచ్చటో చూడండి. పగడం ఒంట్లో కంటికి కనిపించనంత చిన్న నాచు కాపురం ఉంటుంది. ఎండలో వంట వండి, తను తినగా మిగిలింది ఇంటావిడకి పెడుతుంది. అద్దె డబ్బుకి బదులు వండిన కూరే ఇచ్చే అద్దెకున్నావిడ లాగన్నమాట! పగడానికి ఆ తిండీ, ఆ రంగూ చాలామటుకు ఈ నాచు వల్లనే.

ఇంకో వింత. చిలక ముక్కులాంటి నోరున్న చేపలు పగడపు రాతిని కొరికి, నాచు తిని, మిగతాది ఇసుకగా విసర్జిస్తాయి. తెల్లటి మెత్తటి ఇసుక అని మనం మురిసిపోయే తీరాల్లో ఈ చేపల చలవ చాలానే ఉంది. ప్రపంచంలోని సముద్రపు అడుగులో ఈ దిబ్బలున్న చోటు నూటికి ఒక వంతు కూడా లేదు. అయినా సముద్ర జీవుల్లో నాలుగో వంతు వీటినే నమ్ముకుని బతుకుతున్నాయి.

ఎక్కడికి వెళ్లాలి?

మనకు అనువైనది అండమాన్. చెన్నై నుంచి విమానంలో రెండు గంటల పైచిలుకు ప్రయాణం. 2024లో శ్రీవిజయపురం అని పేరు మార్చిన పోర్ట్ బ్లెయిర్‌లో దిగాలి. శ్రీకాకుళం, విశాఖ వైపు నుంచి వెళ్లి స్థిరపడిన తెలుగువాళ్లు అక్కడ చాలామంది. బజారుకి వెళ్తే మన భాష చెవిన పడుతూనే ఉంటుంది. నవంబరు నుంచి ఏప్రిల్ దాకా సముద్రం నెమ్మదిగా ఉంటుంది.

ఊరికి దగ్గరలో నార్త్ బే దీవి ఉంది. పాత ఎర్ర ఇరవై రూపాయల నోటు మీ డబ్బాలో ఎక్కడైనా ఉంటే వెనక్కి తిప్పి చూడండి, కొబ్బరిచెట్ల మధ్య నుంచి కనిపించే ఆ తీరం ఇదే. వండూర్ నుంచి పడవలో వెళ్లే జాలీ బాయ్ దీవి 1983లో ఏర్పాటైన మహాత్మాగాంధీ సముద్ర జాతీయ పార్కులోది. దానికి అటవీశాఖ అనుమతి కావాలి. హేవ్‌లాక్‌కి 2018లో స్వరాజ్ ద్వీప్ అని పేరు పెట్టారు. అక్కడి నుంచి ఎలిఫెంట్ బీచ్‌కి చిన్న పడవలు తిరుగుతాయి.

మూడు దారులు

ఒంటికి తడి తగలకూడదనుకుంటే అద్దాల పడవ ఎక్కండి. అడుగున బిగించిన అద్దంలోంచి పగడాలు కనిపిస్తాయి. మోకాళ్ల నొప్పులున్న అత్తగారిని కూడా కూచోబెట్టొచ్చు.

రెండోది స్నార్కెలింగ్. కళ్లకీ ముక్కుకీ కలిపి మాస్కు, నోట్లో గొట్టం, ఒంటికి లైఫ్ జాకెట్. నీళ్ల మీద బోర్లా తేలుతూ కిందకి చూడటమే. మునగమన్నా మునగరు. మాస్కు కింద ఒక్క వెంట్రుక ఇరుక్కున్నా నీళ్లు వచ్చేస్తాయి కాబట్టి జుట్టు బిగించి జడ వేసుకోండి.

మూడోది స్కూబా. వీపున గాలి సిలిండరుతో, శిక్షకుడు వెంట ఉండగా లోపలికి వెళ్లడం. మొదటిసారి వాళ్లని 12 మీటర్లు దాటి తీసుకెళ్లకూడదు, చాలాచోట్ల అంతకంటే తక్కువలోనే తిప్పుతారు. పది మీటర్ల లోతున ఒంటి మీద ఒత్తిడి గట్టు మీదకంటే రెండింతలవుతుంది. అందుకే చెవులు దిబ్బళ్లు వేస్తాయి. ముక్కు మూసి మెల్లగా గాలి ఊదితే సర్దుకుంటాయి. సర్దుకోకపోతే మొండికి పోకుండా పైకి వచ్చేయాలి. అన్నిటికన్నా ముఖ్యం, ఊపిరి ఎప్పుడూ బిగపట్టకూడదు. ఇంకోటి, లోపల బొటనవేలు పైకి చూపిస్తే ‘బాగుంది’ అని కాదు, ‘పైకి వెళ్దాం’ అని అర్థం. బాగుందనడానికి బొటనవేలూ చూపుడువేలూ కలిపి సున్నా చుట్టాలి.

“నువ్వు సామాను చూస్తుండు”

ఇప్పుడు అసలు విషయానికొస్తాను. ఏ బీచ్‌కైనా వెళ్లి చూడండి. మగవాళ్లూ పిల్లలూ నీళ్లలో కేరింతలు కొడుతుంటారు. తువ్వాళ్లు, చెప్పులు, పర్సులు ఒళ్లో పెట్టుకుని గట్టున కూచునేది మనమే. మేం వెళ్లినప్పుడు మావారూ అదే మాటన్నారు, “నీకు ఈత రాదుగా, నువ్వు సామాను చూస్తుండు” అని. ఆయన తప్పేం లేదు, ఇరవై ఏళ్లుగా అలవాటైన మాట. మా వదిన మాత్రం ఊరుకోలేదు. “సామాను లాకరులో పెడదాం అన్నయ్యా, ముందు మేమిద్దరం వెళ్తాం” అంది.

అక్కడి శిక్షకుడు తెలుగబ్బాయే. “ముందు నడుం లోతులో నిలబడి నోటితో గాలి పీల్చడం నేర్చుకోండి పిన్నీ, భయమేస్తే అక్కడే ఆపేద్దాం” అన్నాడు. పావుగంట అదే చేశాం. తర్వాత తల నీళ్లలో పెడితే నా ఊపిరి చప్పుడు తప్ప ఏమీ వినపడలేదు. కుక్కరు కూతల్లేవు, కాలింగ్ బెల్లు లేదు. నారింజ రంగు మీద తెల్ల చారలున్న చేప ఒకటి పువ్వులాంటి దాంట్లోంచి తొంగి చూసి మళ్లీ దాక్కుంది. పైకొచ్చేసరికి మా వదిన కళ్లనిండా నీళ్లు. సముద్రపు నీళ్లేనంది, నేను నమ్మలేదు.

ఎవరు దిగకూడదు?

ఉబ్బసం, గుండెజబ్బు, మూర్ఛ ఉన్నవాళ్లు, చెవి ఆపరేషన్ అయినవాళ్లు డాక్టరుని అడక్కుండా స్కూబా జోలికి పోవద్దు. గర్భిణులు అసలు వద్దు. ముందు ఇచ్చే కాగితంలో జబ్బులు దాచకుండా రాయండి. జలుబుంటే చెవులు సర్దుకోవు, ఆ రోజుకి మానేయండి. స్కూబా చేసిన రోజున విమానం ఎక్కకూడదు, ఒక్కసారి మునిగినా కనీసం 12 గంటలు ఆగాలి. 18 గంటలు ఆగితే ఇంకా మంచిది.

ముందురోజు ఏర్పాట్లు

చీర, చున్నీ కాళ్లకి చుట్టుకుంటాయి. లెగ్గింగ్, పొడుగు చేతుల లైక్రా చొక్కా వేసుకోండి. మర్యాదగా ఉంటుంది, ఎండా తగలదు. గొలుసులు, వదులు గాజులు, పట్టీలు గదిలో భద్రంగా పెట్టి వెళ్లండి. మంగళసూత్రం తియ్యలేమనుకుంటే చొక్కా లోపల పిన్నుతో బిగించండి. ఇంటికొచ్చాక బట్టలు ఆ రోజే మంచినీళ్లలో జాడించి నీడన ఆరేయండి.

పొద్దున్నే పూరీలు, వడలు తిని పడవెక్కితే కడుపులో తిప్పుతుంది. అలాగని పరగడుపునా వెళ్లకూడదు. రెండు ఇడ్లీలో, కాస్త ఉప్మానో చాలు. పడవలో మధ్యగా కూచుని దూరంగా నీళ్లూ ఆకాశం కలిసేచోటు చూస్తుంటే వికారం తగ్గుతుంది. అల్లం మురబ్బా దగ్గరుంచుకోండి. జాలీ బాయ్‌కి ప్లాస్టిక్ సంచులు, సీసాలు తీసుకెళ్లనివ్వరు. పులిహోర స్టీలు డబ్బాలో పెట్టుకుని, డబ్బా మళ్లీ వెనక్కి తెచ్చుకోండి.

చూసి రండి, తేకండి

పగడాల పరిస్థితి ఇప్పుడు బాగాలేదు. సముద్రం మామూలు వేసవి కంటే ఒక్క డిగ్రీ ఎక్కువ వేడెక్కి కొన్ని వారాలు అలాగే ఉంటే, పగడం తన ఒంట్లోని నాచుని బయటికి పంపేస్తుంది. రంగు పోయి తెల్లగా పాలిపోతుంది. వేడి త్వరగా తగ్గితే కోలుకుంటుంది, లేకపోతే ఆకలితో చస్తుంది. 2010లో అండమాన్‌లో ఇలా చాలా పగడాలు పాలిపోయాయి. 2024లో ప్రపంచమంతటా మళ్లీ ఇదే మొదలైందని శాస్త్రవేత్తలు ప్రకటించారు.

సముద్రపు వేడి మనం ఒక్కరం తగ్గించలేం. మన చేతిలో ఉన్నవి మాత్రం చేద్దాం. పగడం మీద కాలు పెట్టొద్దు, చేత్తో ముట్టొద్దు. యాభై ఏళ్లు పెరిగిన కొమ్మ ఒక్క తొక్కుడుకి విరుగుతుంది. చేపలకి బ్రెడ్డు వెయ్యొద్దు. సన్‌స్క్రీన్ క్రీముల్లో కొన్ని మందులు పగడాలకి హాని చేస్తాయని హవాయిలో 2021 నుంచి వాటి అమ్మకం నిషేధించారు. కాబట్టి క్రీము కంటే పొడుగు చేతుల చొక్కాయే మేలు. షోకేసులోకి బాగుంటుందని చచ్చిన పగడపు ముక్క కూడా సంచిలో వేసుకోకండి. పగడాలు వన్యప్రాణి రక్షణ చట్టం కిందికి వస్తాయి, విమానాశ్రయంలో పట్టుబడితే పరువు పోవడమే కాదు, కేసు కూడా అవుతుంది.

ఈసారి సెలవులకి ఎక్కడికెళ్దామని ఇంట్లో మాటొస్తే అండమాన్ పేరు మీరే ఎత్తండి. వెళ్లాక తువ్వాళ్లు, పర్సులు మీ ఒళ్లో పెట్టబోతే, “వీటికి లాకరు ఎక్కడుందో కనుక్కోండి” అని నవ్వుతూనే చెప్పండి.