కాలు రాళ్ల కింద నలిగితే కిడ్నీ ఎందుకు ఆగిపోతుంది?

ఒక మనిషి కాలు కూలిన గోడ కింద గంటల తరబడి ఇరుక్కుపోయింది. బయటకు తీశారు. బాగానే మాట్లాడుతున్నాడు. హమ్మయ్య, గండం గడిచిందనుకున్నారు. కానీ వారం తిరిగేసరికి మనిషి లేడు. దెబ్బ తగిలింది కాలికి, మరి ప్రాణం ఎలా పోయింది?

ఇది కథ కాదు. రెండో ప్రపంచ యుద్ధంలో లండన్ మీద బాంబులు పడుతున్నప్పుడు డాక్టర్లు కళ్లారా చూసింది. హామర్‌స్మిత్ హాస్పిటల్‌లో పనిచేసే ఎరిక్ బైవాటర్స్, బీల్ అనే సహచరుడితో కలిసి 1941లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఇలాంటి నాలుగు కేసులు రాశాడు. అందరిదీ ఒకటే వరస: ముందు బాగుంటారు, తర్వాత బీపీ పడిపోతుంది, యూరిన్ తగ్గిపోతుంది, చివరికి కిడ్నీలు ఆగిపోతాయి. పోస్ట్‌మార్టం చేస్తే కిడ్నీలోని సన్నటి గొట్టాల్లో గోధుమరంగు పదార్థం అడ్డుపడి ఉంది.

కోడింగ్ చేసేవాళ్లకి తెలుసు, బగ్ ఒక ఫైల్లో ఉంటే ఎర్రర్ ఇంకో చోట కనపడుతుంది. ఇక్కడా అంతే. బగ్ కండరంలో ఉంది.

కండరానికి ఆక్సిజన్ దాచిపెట్టే ప్రోటీన్ ఒకటి ఉంటుంది, పేరు మయోగ్లోబిన్. కండరం నలిగితే కణాల గోడలు చిట్లి అది బయటకొస్తుంది. దాంతోపాటు పొటాషియం కూడా. బరువు మీద ఉన్నంతసేపు ఇవి చాలావరకు అక్కడే ఉండిపోతాయి. బరువు తీయగానే రక్తం మళ్లీ పారుతుంది, అన్నీ ఒక్కసారిగా ఒళ్లంతా పాకుతాయి. పొటాషియం ఎక్కువైతే గుండె ఆగిపోవచ్చు. మయోగ్లోబిన్ కిడ్నీని పాడుచేస్తుంది. పైగా రక్తంలోని నీరు చాలా వాచిన కండరంలోకి వెళ్లిపోతుంది కాబట్టి బీపీ పడిపోయి, కిడ్నీకి రక్తమూ సరిగ్గా అందదు.

అంటే కాపాడిన క్షణంలోనే అసలు ప్రమాదం మొదలవుతోంది!

ఈ మెకానిజం అర్థమయ్యాక వైద్యం మారింది. ఇప్పుడు భూకంపాల్లో వీలైతే శిథిలాలు ఎత్తకముందే, మనిషి లోపల ఉండగానే సెలైన్ ఎక్కిస్తారు. పెద్దవాళ్లకి గంటకు 1 లీటరు వరకు. కిడ్నీ ఆగితే డయాలసిస్. 1988 ఆర్మేనియా భూకంపంలో వందల మందికి ఒకేసారి డయాలసిస్ అవసరమైంది. ఆ తర్వాతే కిడ్నీ డాక్టర్ల అంతర్జాతీయ సంఘం విపత్తుల కోసం ప్రత్యేక టీమ్ పెట్టింది.

మనకేంటి సంబంధం అంటారా? రెండు విషయాలు గుర్తుపెట్టుకోండి. ఒకటి, యాక్సిడెంట్‌లో ఎవరైనా ఇరుక్కుపోతే 108కి చెప్పేటప్పుడు ఎంతసేపటి నుంచి ఇరుక్కున్నారో కూడా చెప్పండి. రెండు, అలవాటు లేకుండా జిమ్‌లో మొదటిరోజే విపరీతంగా చేసినా కండరం ఇలాగే చిట్లవచ్చు. ఒళ్లు నొప్పులు మామూలే, కానీ యూరిన్ కోలా రంగులో వస్తే మాత్రం సొంతంగా పెయిన్‌కిల్లర్ వేసుకుని పడుకోకండి. కొన్ని పెయిన్‌కిల్లర్లు కిడ్నీని ఇంకా దెబ్బతీస్తాయి. వెంటనే హాస్పిటల్‌కి వెళ్లండి.

జిమ్‌లో కొత్తగా చేరిన ఫ్రెండ్ ఉంటే ఈ ఎపిసోడ్ పంపించండి.